పాత ఫోటోను ముందు వెనక్కి తిప్పండి: గోదావరి డెల్టా చిత్రాలను స్కాన్ చేసి, కాలం తేల్చి, నలుగురిలో చర్చకు పెట్టే పద్ధతి

"అరుదైన చిత్రం, 1900 నాటి రాజమండ్రి, అందరికీ పంపండి." ఇలాంటి వాక్యంతో గ్రూపుల్లో తిరిగే గోదావరి ఫోటోలకు చాలావరకు వెనుక భాగం ఉండదు. ఎవరింట్లోదో, ఎక్కడ నిలబడి తీశారో ఎవరికీ తెలియదు. వందమంది దండం బొమ్మ పెడతారు, అంతటితో సరి. అదే ఫోటోకి వెనుక పెన్సిలుతో రాసిన ఊరి పేరు, అట్ట మూలన స్టూడియో ముద్ర, ఇచ్చినవాళ్ళు చెప్పిన నాలుగు మాటలు తోడైతే, తెలిసినవాళ్ళు కూర్చుని తేల్చుకోవడానికి సరుకు దొరుకుతుంది. ఆ సరుకు ఎక్కువగా పోయేది ఫోటో దొరికిన మొదటి గంటలోనే.

ఇంట్లోంచి తెచ్చుకునేటప్పుడు

అసలు ఫోటోను ఇంటికి పట్టుకుపోకండి. వాళ్ళింట్లోనే స్కాన్ చేయండి, కుదరకపోతే సాయంత్రానికి తిరిగి ఇచ్చేయండి. "రేపిస్తానండీ" అన్న ఆల్బమ్ ఏడాది దాటినా రాకపోతే ఆ వీధిలో ఇంకెవరూ బీరువా తెరవరు.

పెద్దవాళ్ళను "ఇది ఏ సంవత్సరంలో తీశారండీ?" అని అడిగితే నోటికొచ్చిన అంకె చెబుతారు. మనుషులు సంవత్సరాల లెక్కన గుర్తుపెట్టుకోరు, జరిగినవాటి లెక్కన గుర్తుపెట్టుకుంటారు. "మామ్మగారూ, అప్పటికి మీకు పెళ్ళయిందాండీ? పెద్దబ్బాయిగారు పుట్టారా? ఇది 86 వరదకు ముందా, తరువాతా? అప్పటికి మన వీధిలోకి కరెంటు వచ్చిందా?" అని అడగండి. చెప్పేది ఫోనులో రికార్డు చేయండి, ముందుగా అడిగి. ఏవి నలుగురిలో పెట్టవచ్చో, ఏవి వద్దో కూడా ఆ రోజే అడిగి రాసుకోవాలి.

వెలికితీసే పనిలో మన తేమే శత్రువు. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను లాగితే బొమ్మ అద్దం మీద, కాగితం చేతిలో మిగులుతాయి. అద్దంతోనే స్కాన్ చేయండి. జిగురు పేజీల ఆల్బముల్లో ఇరుక్కున్నవాటి కింద పళ్ళు శుభ్రం చేసుకునే దారాన్ని పెట్టి, రంపంలా మెల్లగా జరిపితే చాలాసార్లు ఊడి వస్తాయి. మొరాయిస్తే వదిలేయండి, పేజీతోనే స్కాన్ చేయవచ్చు. దుమ్ముకి మెత్తటి పొడి బ్రష్షు చాలు. తడి గుడ్డ, ఉమ్మి తడి, యూకలిప్టస్ నూనె ఏదీ వద్దు. బూజు పట్టినదాన్ని ఇంట్లో దులపకండి, మిగతా ఫోటోల మీదికి పాకుతుంది. ఎండలో ఆరబెట్టకండి, వంకరపోతుంది. లామినేషన్ మాత్రం ససేమిరా వద్దు. వేడికి ఫోటో ఆ ప్లాస్టిక్కుతో కలిసిపోయాక వెనక్కి తీసే దారి ఉండదు. మన ఊళ్ళలో వరదల కంటే లామినేషనే ఎక్కువ ఫోటోలను మింగిందేమో అనిపిస్తుంది.

స్కానింగు

అట్ట మీద ప్రింటుకి 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెట్టండి. మూడున్నర అంగుళాలకు ఐదు అంగుళాల ఫోటో అప్పుడు 2100కి 3000 పిక్సెళ్ళు వస్తుంది; దుకాణం బోర్డు మీద అక్షరాలు చదవడానికి అది సరిపోతుంది. పాస్‌పోర్టు సైజువి, కాంటాక్టు ప్రింట్లు (నెగెటివ్ సైజులోనే వేసిన చిన్న ప్రింట్లు) అయితే 1200. నెగెటివ్ దొరికితే అదే అసలు నిధి. వెనుక నుంచి వెలుగు వచ్చే స్కానరులో 2400 నుంచి 3200 డీపీఐ దాకా పెట్టండి. నలుపు తెలుపు ఫోటోనైనా రంగుల్లోనే స్కాన్ చేయాలి. పసుపు మరకలు, నీలి సిరా, అంచుల్లో వెండిలా మెరిసే పొర అన్నీ కాలం చెప్పే ఆనవాళ్ళు. స్కానరులోని "దుమ్ము తొలగించు", "పదును పెంచు" మీటలు ఆపేయండి. మూలప్రతి టిఫ్ రూపంలో దాచండి, పంచడానికి జేపెగ్ చేసుకోండి.

ప్రతి ఫోటోకి రెండు స్కాన్లు: ముందు, వెనుక. వెనుక ఏమీ లేకపోయినా చేయండి. "ఏమీ లేదు" అన్నది కూడా సమాచారమే. అంచులు కత్తిరించకండి. అట్ట ఉంటే అట్ట మొత్తం రావాలి, ఎందుకంటే స్టూడియో పేరు తరచుగా కింది మూలన సిరా లేకుండా నొక్కి ఉంటుంది. అది స్కానులో కనపడదు. గది చీకటి చేసి, టార్చిని పక్కవాటుగా, దాదాపు కాగితానికి ఆనించినట్టు పట్టుకుని ఫోనుతో తీయండి. బాల్‌పెన్ను ఒత్తుడు, చెరిగిపోయిన పెన్సిలు రాతలూ అలాగే బయటపడతాయి.

స్కానరు లేకపోతే ఫోనే గతి, తప్పేం లేదు. కిటికీ పక్కన నేరు ఎండ పడని చోట ఫోటోను బల్లమీద పరచండి. ఫోనును ఎత్తయిన స్టూలు అంచున ఆనించి, ఫోటోకి సమాంతరంగా ఉండి కిందికి చూసేలా పెట్టి, 2 రెట్ల జూముతో తీయండి. దగ్గరగా పెట్టి మామూలు లెన్సుతో తీస్తే మధ్యలో ఉబ్బి గీతలు వంగుతాయి. అద్దం ఉంటే మెరుపు పోవడానికి ఫోను వెనుక నల్ల గొడుగు విప్పి పట్టుకోండి. పక్కన స్కేలు పెట్టి ఒకటి, లేకుండా ఒకటి తీయండి. మరో సంగతి: ఫోనులో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఆ ఇంటి చిరునామా కూడా ఫైలుతోపాటు ఊరేగుతుంది.

ఫైలు పేరులో ఏడాది, ఊరు, విషయం, వరుస, ముందా వెనుకా ఉండాలి: "1953సుమారు_ధవళేశ్వరం_వరద_04_వెనుక". "ఐఎంజీ 2231" అన్న పేరుతో పంపితే ఆరు నెలల తరువాత మీకే దొరకదు.

కాలం తేల్చడం

అసలు పని ఇక్కడుంది. ఆధారాలు రెండు రకాలు. ఒకటి "దీనికి ముందు తీసి ఉండరు" అని చెప్పేది, రెండోది "దీని తరువాత తీసి ఉండరు" అని చెప్పేది. ఫోటోలో అన్నిటికంటే కొత్త వస్తువు మొదటి హద్దు. ఆ తరువాత కూలిపోయినదో మారిపోయినదో ఫోటోలో కనిపిస్తే అది రెండో హద్దు. పాత వస్తువులు ఎన్ని ఉన్నా పెద్దగా లాభం లేదు; ఎడ్ల బండి 1890లోనూ ఉంది, 1990లోనూ ఉంది.

మన దగ్గర రైలు వంతెనలే పెద్ద గడియారాలు. రాజమండ్రి, కొవ్వూరు మధ్య రాతి స్తంభాల మీద 56 స్పాన్ల హేవ్‌లాక్ వంతెన 1900లో రైళ్ళకు తెరిచారు, 1997లో ఆపారు. దానిమీద రైలు ఉంటే ఈ రెండింటి మధ్యే. పైన రోడ్డు, కింద రైలు ఉన్న రెండంతస్తుల వంతెన 1974లో వచ్చింది. కాంక్రీటు విల్లుల వంతెన కట్టడం 1991లో మొదలై 1997లో రైలెక్కింది. అలాగని ఒక్క వంతెనే కనిపించింది కాబట్టి 1974కి ముందు అనేయకండి. రెండోది ఫ్రేము బయట ఉండి ఉండవచ్చు. కెమెరా ఎటు చూస్తోందో తేలాకే ఆ మాట అనాలి. హేవ్‌లాక్ ఇప్పటికీ నిలబడే ఉంది గనక, రైలు లేని ఫోటో నిన్నటిదైనా కావచ్చు.

ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. నీళ్ళు పైనుంచి పొర్లే పొట్టి రాతిగోడ అది. గేట్ల వరుస కనిపిస్తే అది 1970లలో మొదలైన బ్యారేజీ. "ఆనకట్ట శంకుస్థాపన ఫోటో" అంటూ ఏదైనా వస్తే ముందు అనుమానించండి. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసిందే 1839లో. 1847లో గోదావరి గట్టున కెమెరా ఉండటం అసాధారణమే. భూతద్దం కిందగానీ ఫోను మాక్రోలోగానీ చూడండి. సన్నని గీతలు కనిపిస్తే చెక్కిన బొమ్మ. చుక్కచుక్కలుగా కనిపిస్తే పుస్తకంలోంచో పత్రికలోంచో తీసిన ముద్రణ, అసలు ఫోటో కాదు. ఈ చుక్కల పరీక్ష అర నిమిషం పని, సగం "అరుదైన" ఫోటోలు ఇక్కడే ఆగిపోతాయి.

కోనసీమ వైపు మరికొన్ని. కాకినాడ, కోటిపల్లి రైలు మార్గం 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేశారు, 2004లో మళ్ళీ వేశారు. కాబట్టి ఆ దారిలో రైలు ఫోటో దొరికితే మధ్యలో అరవై ఏళ్ళు కొట్టేయవచ్చు. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన 2002లో వచ్చింది. అంతకుముందు నది దాటించే పంటు పడవే దిక్కు. పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే పాత అక్విడక్టు ఒక్కటే ఉందా, పక్కన కొత్తది కూడా ఉందా అన్నది 2000కి అటా ఇటా చెబుతుంది.

పుష్కరాల ఫోటోల దగ్గర తప్పులు గంపలకొద్దీ ఉంటాయి. 1991, 2003, 2015 అని పన్నెండేసి ఏళ్ళు వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతారు. బృహస్పతి ఒక చుట్టు తిరగడానికి పట్టేది 11.86 ఏళ్ళు కాబట్టి వెనక్కి పోయేకొద్దీ ఆ లెక్క ఒక ఏడాది జారుతుంది. పాత పంచాంగం చూడకుండా ఏడాది రాయవద్దు. పైగా గోదావరికి అంత్య పుష్కరాలు కూడా ఉన్నాయి, అవి మరుసటి ఏడాది వస్తాయి. ఘాటు నిండా జనం ఉంటే కార్తీక మాసమో శివరాత్రో కూడా కావచ్చు.

వరదలు, తుపానులు ఇంకో చిక్కు. 1986 ఆగస్టు వరదను అందరూ తలుచుకుంటారు, 1953 వరదను పెద్దవాళ్ళు చెబుతారు. తుపానుల్లో 1977 నవంబరు 19 నాటి దివిసీమ, 1996 నవంబరు 6 నాటి కోనసీమ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. దివిసీమ కృష్ణా డెల్టాలోది. కూలిన కొబ్బరి తోటలు ఎకరాలకొద్దీ కనిపిస్తే కోనసీమ వైపు మొగ్గు ఉంటుంది, కానీ అది మొగ్గే, రుజువు కాదు.

చిన్న ఆనవాళ్ళు కొన్ని వెంటవెంటనే:

ధరల బోర్డు మీద అణాలు ఉంటే దాదాపుగా 1957 ఏప్రిల్‌కు ముందు. "నయా పైసలు" అని ఉంటే ఆ తరువాత కొద్ది ఏళ్ళు. స్టూడియో చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే ఆ ముద్ర 1972 ఆగస్టు తరువాతది. బండి నంబరు ఏపీ 5 అనో ఏపీ 37 అనో ఉంటే 1989 తరువాతది. మూడక్షరాల పాత నంబరు ఉంటే మాత్రం ఫోటో అంతకుముందుదని కాదు, బండి అంతకుముందుదని. పోస్టుకార్డు మీద స్టాంపులో రాజు ఎవరో చూడండి: ఏడో ఎడ్వర్డు అయితే 1901, 1910 మధ్య, ఐదో జార్జి 1936 దాకా, ఆరో జార్జి ఆ తరువాత. అయితే తపాలా ముద్ర తేదీ కార్డు పంపిన రోజుది. ఫోటో పదేళ్ళ ముందుదైనా కావచ్చు.

పాత ఇంగ్లీషు స్పెల్లింగులు తెలిసి ఉండాలి. కాకినాడను "కోకనాడ" అని, ఏలూరును "ఎల్లోర్" అని, పాలకొల్లును "పాలకోల్" అని రాసేవారు. భీమవరమో నరసాపురమో "కృష్ణా జిల్లా" అని రాసి ఉంటే తప్పు రాశారనుకుని దిద్దకండి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడక ముందు ఆ తాలూకాలు కొన్నాళ్ళు కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. యానాం ఫోటో వెనుక ఫ్రెంచి ఉంటే ఆశ్చర్యం లేదు, 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ళే.

కాగితం కూడా మాట్లాడుతుంది. పల్చని కాగితం మందపాటి అట్టకు అతికి, తెల్లగా ఉండాల్సిన చోట్లు పసుపు తిరిగి ఉంటే 19వ శతాబ్దపు గుడ్డుసొన పూత కావచ్చు. నల్లటి అంచుల్లో నీలి వెండి మెరుపు ఉంటే ఆ తరువాతి జెలటిన్ ప్రింటు, తేమ తిన్నది. ప్లాస్టిక్కులా జారే కాగితమైతే 1970లకు ఇటే. పాత నెగెటివు నుంచి కొత్త ప్రింటు వేయించడం మన స్టూడియోల్లో మామూలు. కాబట్టి కాగితం చెప్పేది ప్రింటు వయసు, బొమ్మ వయసు కాదు.

తిరగబడిందేమో చూడండి

నెగెటివ్‌ను తిప్పి ప్రింటు వేస్తే ఎడమ కుడి అవుతుంది. మగవాళ్ళ చొక్కా గుండీలు, ఆడవాళ్ళ పైట ఏ భుజం మీద ఉందో, చేతి గడియారం ఏ చేతికో, బోర్డు మీద అక్షరాలు, అన్నీ చూడండి. పైట కుడి భుజం మీద ఉన్నవాళ్ళు ఒకరిద్దరైతే అలవాటు అనుకోవచ్చు. గుంపులో అందరికీ అలాగే ఉంటే ఫోటోనే తిరగబడింది. నది దృశ్యాలకు సూర్యుడు సాయం చేస్తాడు. రాజమండ్రి తూర్పు గట్టున ఉంది కాబట్టి అక్కడి ఘాట్ల నుంచి నీళ్ళ మీద కనిపించేది అస్తమయమే. "పుష్కర ఘాటు నుంచి గోదావరిపై సూర్యోదయం" అంటే రాసినవారైనా పొరబడ్డారు, కెమెరా అయినా కొవ్వూరులో ఉంది.

వివరణ రాయడం

చూసింది, విన్నది, ఊహించింది మూడూ విడివిడిగా రాయాలి. ఒక నమూనా:

"కనిపించేది: రేవులో మూడు నాటు పడవలు, గడ్డి మోపులు, వెనుక రాతి స్తంభాల రైలు వంతెన మీద రైలు. వెనుక రాత: పెన్సిలుతో 'కొవ్వూరు రేవు', తేదీ లేదు. ఇంటివారి మాట: తాతగారు కొన్నది, ఆయన తీసింది కాదు. కాలం: 1900, 1997 మధ్య ఖాయం, కాగితాన్ని బట్టి 1960కి ముందని ఊహ. అడిగేది: కుడి అంచున ఉన్న పొగగొట్టం దేనిది?"

చివరి వాక్యం ముఖ్యం. "ఎవరికైనా తెలుసా?" అంటే ఎవరూ పలకరు. "ఆ పొగగొట్టం దేనిది?" అంటే ఆ మిల్లులో పనిచేసినవాళ్ళ మనవడు పలుకుతాడు. ఆ భాగం పెద్దదిగా కత్తిరించి పక్కన ఇంకో బొమ్మగా పెట్టండి. ఒక పూటకు ఒక ఫోటో చాలు. ఇరవై ఒకేసారి పోస్తే ఇరవైకీ దండం బొమ్మలే వస్తాయి.

పంపేటప్పుడు

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది, బోర్డు అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపండి, టెలిగ్రామ్‌లో అయితే ఫైలుగా. ఎవరైనా దాన్ని మళ్ళీ ఫోటోగా పంపితే ఫైలులో దాగిన వివరాలు దారిలో చెరిగిపోతాయి కాబట్టి వివరణను ఫోటోతోనే, అదే సందేశంలో పెట్టాలి. ఇంకా మంచిది, బొమ్మ కింద తెల్ల పట్టీ ఒకటి చేర్చి ఊరు, కాలం, మూలం అందులో రాయడం. ముఖాల మీద అడ్డంగా పేరు ముద్ర వేయకండి. దొంగలు ఎలాగూ చెరిపేస్తారు, మిగిలినవాళ్ళకే అడ్డం.

రంగులద్దిన ఫోటో, యంత్రం పదునుపెట్టిన ఫోటో చర్చకు పనికిరావు. కంప్యూటరుకి ఆ చీర రంగు తెలియదు, ఏదో ఒకటి వేస్తుంది. ముఖం మసకగా ఉంటే తెలియని ముఖం ఒకటి తయారుచేస్తుంది, బోర్డు మీద అక్షరాలను పురుగుల్లా మారుస్తుంది. సరదాగా పెట్టుకోవాలంటే అసలుతోపాటు పక్కన, "రంగు ఊహ మాత్రమే" అని బొమ్మలోనే రాసి పెట్టండి.

పెట్టేముందు బొమ్మను బట్టి వెతికే గూగుల్ లెన్స్‌లో, టిన్ఐలో ఒకసారి వెతకండి. మీ "ధవళేశ్వరం" వేరే నది మీది కావచ్చు. మిషనరీల పాత నివేదికల్లో కాకినాడ కెనడియన్ బాప్టిస్టుల, రాజమండ్రి లూథరన్ల ఫోటోలు ముద్రించారు. పాత పుస్తకాల స్కాన్లు ఉండే ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైటులో పాత స్పెల్లింగులతో వెతకాలి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేస్తే చాలా వివాదాలు కూర్చున్నచోటే తేలతాయి.

మాటలు మొదలయ్యాక

"ఆ మూడోవారు మా తాతగారే!" అని ఒకరంటారు, "కాదండీ, మా పెద్దనాన్నగారు" అని ఇంకొకరు. ఇద్దరినీ అదే మనిషి ఇంకో ఫోటో ఉంటే పెట్టమని అడగండి. చెవి ఆకారం, జుట్టు మొదలయ్యే గీత పోల్చడానికి నమ్మకమైనవి. మీసం, బొట్టు, కళ్ళజోడు కావు. ఇద్దరూ పెట్టలేకపోతే రెండు మాటలూ రాసి ఉంచండి, ఓటింగు పెట్టకండి. ఎక్కువమంది అన్నంత మాత్రాన మనిషి మారడు.

ఊరి పేరు చెప్పినవారిని "ఎక్కడ నిలబడితే ఇలా కనిపిస్తుందండీ?" అని అడగాలి. ఆ చోటును మ్యాపులో గుర్తుపెట్టి, వీలైతే అక్కడినుంచే నేటి ఫోటో తీయించాలి. గుడి గోపురం, నీళ్ళ ట్యాంకు, కాలువ వంపు, లాకు తలుపులు కలిస్తే పనైపోయినట్టే. చెట్లను నమ్మవద్దు. నదిలోని దీవులైన లంకలను అసలు నమ్మవద్దు, ప్రతి వరదకూ రూపు మారుతుంది.

చర్చ ఇంటిపేర్ల మీదికి, కులాల మీదికి, పొలం గట్ల తగాదాల మీదికి మళ్ళితే దాన్ని అక్కడే ఆపేయండి. వరద శవాల ఫోటోలు గుర్తుపట్టగల ముఖాలతో పెట్టవద్దు. బతికి ఉన్నవాళ్ళ, వాళ్ళ పిల్లల ఫోటోలకు వాళ్ళ మాటే చివరిది. తీసేయమంటే ఎందుకని అడక్కుండా తీసేయాలి.

హక్కుల సంగతి

1957 కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫోటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. 2012 సవరణ తరువాత ఫోటోలకు తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు రక్షణ. మన దేశంలో 1958కి ముందు తీసినవి మామూలుగా అందరి సొత్తు అయినట్టే లెక్క. అందరూ వాడుకునే ఫోటోల వెబ్‌సైటు వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించాలంటే మాత్రం అమెరికా చట్టం ప్రకారం కూడా అందరి సొత్తేనా అని చూసుకోవాలి. అక్కడ అందరూ చేసే పొరపాటు "సొంత కృతి" అని టిక్కు పెట్టడం. స్కాన్ చేసినంత మాత్రాన ఫోటో మీది కాదు, అలా పెట్టినవి తొలగిస్తారు. మూలం, కాలం, అసలు తీసినవారు తెలియకపోతే "తెలియదు" అని నింపాలి.

తేలిన తరువాత

కొత్త ఆధారం వస్తే పాత వివరణను చెరపకండి, కింద తేదీ వేసి దిద్దుబాటు రాయండి: ముందు 1960 అనుకున్నాం, ఫలానా కారణంగా 1974 తరువాతది. ఫైలు పేరు మార్చండి, ఫోటో ఇచ్చిన ఇంటికి ఒక ప్రింటు, ఒక కాగితం మీద వివరాలు ఇచ్చిరండి. అసలు ఫోటో వెనుక బాల్‌పెన్నుతో రాయవద్దని వాళ్ళకు చెప్పండి, ఒత్తుడు ముందువైపుకి తేలుతుంది. ఫోటోను గట్టి పలక మీద బోర్లా పెట్టి, మెత్తటి 4బి పెన్సిలుతో అంచున తేలికగా రాయాలి, లేదా కవరు మీద రాసి తరువాత ఫోటోను లోపల పెట్టాలి. కవరు కాగితానిది మేలు. వాసన కొట్టే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు. బీరువాలో గోడకు ఆనకుండా మధ్య అరలో, సిలికా జెల్ పొట్లంతో పెట్టి, వానాకాలం పోయాక ఒకసారి తీసి చూడమనండి.